వినైల్ రోల్‌లో జాయింట్: మా హోల్‌సేలర్ గురించి

రేటు, క్వాలిటీ, జీఎస్టీ గురించి రాయడం లేదు. అవి ఎక్కడ కొన్నా అటూ ఇటూగా అంతే. నా గొడవంతా వినైల్ (వెనక గమ్ ఉండే ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు) రోల్ మధ్యలో వచ్చే జాయింట్, అంటే రెండు ముక్కలు అతికిన చోటు గురించి.

మాది ఖమ్మంలో చిన్న స్టిక్కరింగ్ షాపు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు నంబర్ ప్లేట్లు కంపెనీ నుంచే రావడం మొదలయ్యాక ఒక్క రేడియం పని మీద షాపు నడవదని తేలిపోయి, ఎకో సాల్వెంట్ ప్రింటర్ (వినైల్ మీద రంగుల్లో ప్రింట్ చేసే మెషిన్) పెట్టుకున్నాం. అప్పటి నుంచి వినైల్ హైదరాబాద్‌లో ఒకే హోల్‌సేలర్ దగ్గర తెప్పిస్తున్నాం. ఆయన పేరు ఇక్కడ రాయను.

మొదట్లో ఆయన గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడిని. కారణం ఒక్కటే, కట్ లెంగ్త్ ఇస్తాడు. ఫ్రాస్టెడ్ (అద్దాలకి వేసే మసక వినైల్) ఐదు మీటర్లు కావాలన్నా, గోల్డ్ రంగు మూడు మీటర్లు కావాలన్నా విసుక్కోకుండా కోసి ఆర్టీసీ కార్గోలో వేసేవాడు. మాలాంటి ఊళ్లో గోల్డ్ రోల్ మొత్తం కొంటే అది అయిపోయేలోపు గమ్ పాడవుతుంది. పైగా ఫోన్‌లో ఆర్డర్, నెల రోజుల అప్పు. ఇంతకంటే ఏం కావాలి?

ఒక మే నెలలో స్కూల్ బస్సుల పని వచ్చింది. జూన్ 12న బడులు తెరిచేలోపు బస్సులన్నీ తయారవ్వాలి. పసుపు బాడీ మీద మామూలు తెల్ల వినైల్ వేస్తే కింద రంగు కనపడుతుంది కాబట్టి గ్రే గమ్ ఉన్నది, అందులోనూ పాలిమరిక్ (తక్కువ కుంచించుకుపోయే రకం) తెప్పించాం. మా ఎండలకి మోనోమరిక్ అనే చవక రకం వేస్తే ఏడాది తిరక్కుండా అంచులు కుంచించుకుపోయి చుట్టూ నల్లటి గీత పడుతుంది. నాలుగడుగుల వెడల్పు, 50 మీటర్ల రోల్. అట్టపెట్టె బాగానే ఉంది, రెండు వైపులా ప్లాస్టిక్ మూతలు కూడా ఉన్నాయి.

రాత్రి ప్రింట్ పెట్టి పక్కనే లామినేషన్ చూసుకుంటున్నాను. ఒక్కసారిగా గరగరమని చప్పుడు. వెళ్లేసరికి క్యారేజ్ (ఇంకు చిమ్మే హెడ్‌ని అటూ ఇటూ తిప్పే భాగం) మధ్యలో ఇరుక్కుని ఉంది, దాని కింద వినైల్ ముడతపడి పైకి లేచింది. పవర్ ఆపి, మెల్లగా జరిపి చూస్తే రోల్‌కి అడ్డంగా జాయింట్. రెండు ముక్కలు కలిపి, మామూలు బ్రౌన్ టేప్ వేసి, మళ్లీ చుట్టారు. ప్రింటర్‌లోని హీటర్ వేడికి టేప్ అంచు లేచింది, హెడ్ వచ్చి దానికి తగిలింది.

జాయింట్ అసలు ఉండకూడదని నేను అనను. కంపెనీ రోల్స్‌లోనూ అప్పుడప్పుడూ వస్తుంది. కానీ అక్కడ రంగు కాగితం ఒకటి అంచు నుంచి బయటికి కనపడేలా పెడతారు, దాన్ని చూసి మనం అంతవరకే ప్రింట్ పెట్టుకుంటాం. దీనికి అలాంటి గుర్తేమీ లేదు. నాకు ఒళ్లు మండింది ఇంకో విషయానికి. వినైల్ వెనక పేపర్ తిప్పి చూస్తే ఒక ముక్కకి కంపెనీ పేరు అచ్చయి ఉంది, రెండోదానికి ఏమీ లేదు. అంటే ఇది ఫ్యాక్టరీలో పడిన జాయింట్ కాదు.

పొద్దున్నే ఫోన్ చేశాను. "అన్నా, మాకు కంపెనీ నుంచి ఎట్లొస్తే అట్లే పంపిస్తం" అన్నాడు. వెనక పేపర్ ఫొటోలు పంపాక గొంతు మారింది. ఎవరికో కోసి ఇవ్వగా మిగిలిన ముక్కలు గోడౌన్ కుర్రాళ్లు కలిపేసి ఉంటారని ఒప్పుకున్నాడు. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్న కట్ లెంగ్త్‌కి మిగులు ఇలాగే తేలుతుంది. నాకు మూడు మీటర్లు కోసి ఇస్తే మిగతా నలభై ఏడు మీటర్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా!

రోల్ డబ్బులకి క్రెడిట్ నోట్ (తర్వాతి బిల్లులో తగ్గించుకునే చీటీ) ఇచ్చాడు, దానికి పేచీ పెట్టలేదు. హెడ్ సంగతి మాత్రం తనకు సంబంధం లేదన్నాడు. నాజిల్ చెక్ (హెడ్‌లోని ఇంకు రంధ్రాలు పనిచేస్తున్నాయో చూసే టెస్ట్ ప్రింట్) తీస్తే మెజెంటా రంగులో సగం గీతలు లేవు. ఎన్ని క్లీనింగ్‌లు చేసినా రాలేదు, చివరికి హెడ్ మార్చాల్సి వచ్చింది. దాని ఖరీదు ముందు ఆ క్రెడిట్ నోట్ ఒక లెక్కే కాదు. బస్సుల ప్రింట్లు పక్కూళ్లో స్నేహితుడి మెషిన్ మీద తీయించి, ఆరడానికి ఒక రోజు ఉంచి, లామినేషన్ చేసి ఎలాగో గట్టెక్కాం. ఆ వారం టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు రోల్ రాగానే రెండు చూస్తున్నాను. మధ్య గొట్టం లోపల కంపెనీ స్టిక్కర్, బ్యాచ్ నంబర్ ఉన్నాయా అని ఒకటి. ఆయన గోడౌన్‌లో తిరగచుట్టిన వాటికి ఉత్త అట్టగొట్టమే ఉంటోంది. రెండోది, టార్చి వేసి పక్క అంచు చూడటం. జాయింట్ ఉంటే అక్కడ పొరలు కాస్త ఎడంగా ఉంటాయి. బాగా బిగించి చుడితే అదీ తెలియదు అనుకోండి.

మరి ఇంకా ఆయన దగ్గరే కొంటున్నానా అంటే, సగం. ప్రింటర్‌కి వెళ్లే నాలుగడుగుల రోల్స్ వేరే డీలర్ దగ్గర సీల్ పెట్టెలో తీసుకుంటున్నాను. అక్కడ అప్పు లేదు, రేటు కొంచెం ఎక్కువ. కోసి అతికించే రంగు వినైల్, ఫ్రాస్టెడ్ మాత్రం ఇంకా పాతాయన నుంచే. ప్లాటర్ (వినైల్‌ని అక్షరాలుగా కోసే మెషిన్) ఒక్కటే ఉన్నవాళ్లకి ఈ గొడవంతా పెద్దగా తగలదు, జాయింట్ వస్తే ఒక అక్షరం పోతుంది, అంతే. హైదరాబాద్‌లోనే ఉండి రోల్ చూసి తెచ్చుకునే వీలున్నవాళ్లకి కూడా ఆయన మంచి బేరమే. నాకైతే అంత దూరం నుంచి పార్సిల్లో వచ్చినదాన్ని నమ్మడమే.

మొన్న కొత్త డీలర్ దగ్గర సరుకు లేక మళ్లీ ఆయన దగ్గరే ఒక ప్రింట్ రోల్ తెప్పించాల్సి వచ్చింది. బిల్లు మీద "జాయింట్ లేదు" అని రాయించమన్నాను. కాసేపు గొణిగి రాయించాడు. అదే మాట రెండడుగుల రంగు రోల్స్ మీద కూడా రాయమంటే మాత్రం, "అవి ఎట్లాగూ కోసేవే కదన్నా" అని ఫోన్ పెట్టేశాడు.