పాత ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ: సాటానా, ఎన్‌వీఎంఈనా? ఏది మేలు?

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా డెస్క్‌టాప్ కనబడలేదంటే ఆ మెషీన్ ఇంకా హార్డ్ డిస్కు మీదే బతుకుతోందన్నమాట. మా నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటివి తక్కువేం కాదు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో బిల్లులు కొట్టేవి, రొయ్యల మేత డీలర్ల దగ్గర ట్యాలీ నడిపేవి, అన్న ఇంజనీరింగ్ అయిపోయాక తమ్ముడి చేతికొచ్చినవి. వీటిలో చాలావాటికి ప్రాసెసర్ బాగానే ఉంటుంది. డిస్కే ముసలిది.

హార్డ్ డిస్కు ఉంచాలా, ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం బదులు చిప్పుల్లో డేటా దాచే డ్రైవు) వేయాలా అన్నదాంట్లో వాదనేమీ లేదు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం. హెడ్డు కదిలి, పళ్లెం తిరిగి, ఫైలు దొరకడానికి ప్రతిసారీ పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో చదవాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు కాబట్టి ఆ వెతుకులాట మిల్లీసెకనులో ఏ పదో వంతులోనో ముగిసిపోతుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని పని చేసుకునేవాళ్లకు ఇంకో లాభం, గుంతల కుదుపులకు దీనికి టెన్షన్ లేదు.

తేల్చుకోవాల్సింది ఆ తర్వాత. షాపులో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "నా, 500 స్పీడుదా, 3500 స్పీడుదా, ఏది తీసుకోమంటావ్?" నన్నడిగితే ఆ అంకెల్ని చివర్లో చూడండి. ముందు చూడాల్సింది మీ ల్యాప్‌టాప్‌లో ఏ స్లాటు ఉందో.

సాటా ఎస్ఎస్‌డీ అంటే రెండున్నర అంగుళాల సైజు చదునైన పెట్టె, 7 మిల్లీమీటర్ల మందం. పాత హార్డ్ డిస్కు తీసిన చోటే, అదే కనెక్టరుకు సరిపోతుంది. సాటా దారి గరిష్ఠంగా సెకనుకు 6 గిగాబిట్లే కాబట్టి ఎంత మంచి కంపెనీదైనా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ డ్రైవు చూయింగ్‌గమ్ అట్టలా సన్నగా ఉండి, ఎం.2 స్లాటులో కూర్చుని, నేరుగా పీసీఐఈ అనే వేగమైన దారిలో మాట్లాడుతుంది. మూడో తరం పీసీఐఈలో 3,500 ఎంబీ, నాలుగో తరంలో 7,000 ఎంబీ వరకు పోతుంది.

కాగితం మీద పన్నెండు రెట్ల తేడా. చేతిలో అంత తేడా కనబడదు. విండోస్ లేవడం, వర్డ్ తెరవడం, క్రోమ్‌లో పది ట్యాబులు, ట్యాలీలో లెడ్జరు, ఇవన్నీ చిన్న ఫైళ్ల పనులు. అక్కడ 7,000 అన్న అంకెకు పనే పడదు. హార్డ్ డిస్కు నుంచి సాటాకు వచ్చినప్పుడు మనిషి ఆశ్చర్యపోతాడు, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి పోయినప్పుడు గడియారం పెట్టి చూస్తే గానీ తెలియదు. పెద్ద వీడియో ఫైళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేవాళ్లకైతే మాట వేరు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్లు ఎన్‌వీఎంఈ తప్ప వేరేది కొనకూడదు.

అందుకని నా లెక్క ఇది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ స్లాటు ఉంటే అదే కొనండి, ధరలో పెద్ద తేడా లేనప్పుడు సాటాకు పోవడంలో అర్థం లేదు. స్లాటు లేకపోతే "అయ్యో, సాటానేనా" అని బాధపడి కొత్త ల్యాప్‌టాప్ కొననక్కర్లేదు. ఇక మూడో తరం స్లాటున్న మెషీన్‌కు నాలుగో తరం డ్రైవు వేస్తే పని చేస్తుంది గానీ మూడో తరం వేగానికే దిగుతుంది. ఎంత ఖరీదైన కారైనా సాయంత్రం ట్రంకు రోడ్డులో ఆటో వెనకాలే పోవాలి కదా.

స్లాటు దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా డ్రైవులూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ డ్రైవులూ ఉన్నాయి. 2015 నుంచి 2018 మధ్య వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎం.2 స్లాటు సాటాకు మాత్రమే పని చేస్తుంది. దాంట్లో ఎన్‌వీఎంఈ పెడితే బయాస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలో) కనబడనే కనబడదు. ఉల్టా కూడా అంతే. డ్రైవు అంచున గాట్లు చూస్తే కొంత గుర్తుపట్టొచ్చు: ఎం.2 సాటా డ్రైవుకు సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఎక్కువగా ఒకటే. కానీ రెండు గాట్లది రెండు రకాల స్లాట్లలోనూ దిగిపోతుంది, దిగినంత మాత్రాన పని చేస్తుందని నమ్మకం లేదు. పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లకు 2242 గానీ 2230 గానీ మాత్రమే పడుతుంది. వైఫై కార్డు ఉండే చిన్న ఎం.2 స్లాటు చూసి ఖాళీ స్లాటు ఉందనుకునేవాళ్లూ ఉన్నారు, అది దీనికి పనికిరాదు. వెనక మూత విప్పే ముందే అడుగున స్టిక్కరు మీద పూర్తి మోడల్ నంబరు రాసుకుని, తయారీదారు సైటులో సర్వీస్ మాన్యువల్ దించుకుని చూస్తే ఇవన్నీ అందులోనే ఉంటాయి. ఎం1 తర్వాతి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజిని బోర్డుకే అతికించేస్తారు, వాటి జోలికి పోవద్దు.

రెండు చోట్లూ ఉన్న మెషీన్లు ఇంకా మేలు. ఎం.2లో విండోస్, రెండున్నర అంగుళాల చోట పాత హార్డ్ డిస్కు ఫొటోలకు. డీవీడీ డ్రైవు పీకేసి ఆ చోట క్యాడీ (డిస్కును పట్టి ఉంచే చట్రం) పెట్టి హార్డ్ డిస్కు బిగించే పద్ధతి కూడా ఉంది. అయితే క్యాడీ 9.5 మిల్లీమీటర్లదా, 12.7దా అన్నది కొలిచి కొనాలి.

ఇక పెట్టె మీద చిన్న అక్షరాల సంగతి. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని ఉంటుంది, లేదా కావాలనే రాయరు. టీఎల్‌సీలో ఒక్కో గడిలో మూడు బిట్లు దాస్తారు, క్యూఎల్‌సీలో నాలుగు. నాలుగు కుక్కితే చవక, కానీ రాయడం నిదానం. ఆ నిదానం బయటపడకుండా కొంత భాగాన్ని వేగంగా రాసే క్యాషుగా (తాత్కాలిక నిల్వగా) వాడతారు. అది నిండేదాకా అంతా బాగుంటుంది. శామ్‌సంగ్ 870 క్యూవీఓ 1 టీబీ డ్రైవునే తీసుకుంటే, క్యాషు గరిష్ఠంగా 42 జీబీ, అది నిండాక రాసే వేగం 80 ఎంబీ అని కంపెనీయే చెబుతుంది. అంటే పాత హార్డ్ డిస్కు స్థాయి. రోజూ 200 జీబీ పెళ్లి ఫుటేజి దించే స్టూడియోకు అది నరకం. రోజుకు నాలుగు ఇన్‌వాయిస్‌లు కొట్టే దుకాణానికి ఆ సంగతే తెలియదు.

"క్యూఎల్‌సీ తొందరగా అరిగిపోతుందట కదా" అన్న భయం మాత్రం ఇళ్లకు వర్తించదు. ఆ క్యూవీఓ 1 టీబీకి వారంటీలో రాత పరిమితి 360 టీబీ. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి ఏడు టీబీ చిల్లర. నలభై తొమ్మిదేళ్లు పడుతుంది. అదే కంపెనీ టీఎల్‌సీ రకం 870 ఈవీఓ 1 టీబీకి 600 టీబీ, అయిదేళ్ల వారంటీ, క్యూవీఓకు మూడేళ్లే. నేనైతే రాత పరిమితి కన్నా ఆ వారంటీ ఏళ్ల తేడానే చూస్తాను.

డీర్యామ్ (వేగంగా చదివే చిన్న మెమరీ చిప్పు) ఉందా లేదా అన్నది ఇంకో మాట. ఏ డేటా ఏ గడిలో ఉందన్న పట్టీని డ్రైవు తన దగ్గరున్న డీర్యామ్‌లో ఉంచుకుంటుంది. చవక డ్రైవుల్లో అది ఉండదు. ఎన్‌వీఎంఈ అయితే ల్యాప్‌టాప్ ర్యామ్‌లో కొంచెం అప్పు తీసుకుని నెట్టుకొస్తుంది, సాటాకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఎన్‌వీఎంఈలో డీర్యామ్ లేకపోయినా ఫర్వాలేదు, సాటాలో కొన్ని వందలు ఎక్కువైనా ఉన్నదే తీసుకోండి.

సైజు దగ్గర 256 జీబీకి పోవద్దు. విండోస్, ఆఫీసు, వాట్సాప్ నుంచి దిగిన వీడియోలు కలిస్తే ఏడాదిలో నిండుతుంది, నిండిన ఎస్ఎస్‌డీ మందగిస్తుంది. 512 సరైన సైజు. అది విండోస్‌లో 476 అని కనబడుతుంది. షాపువాడు మోసం చేసినట్టు కాదు, లెక్కించే పద్ధతి వేరు.

కొనేది ఎక్కడ? నెల్లూరు నుంచి చాలామంది పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయి రిచీ స్ట్రీట్‌లో కొంటారు. నాలుగైదు మెషీన్లకు ఒకేసారి కావాలంటే ఆ ప్రయాణం గిట్టుబాటు. ఒక్క డ్రైవు కోసం పోతే మిగిలింది రైలు ఛార్జీకీ భోజనానికీ సరి. ఆన్‌లైన్‌లో ధర తక్కువే, కానీ ఎవరు అమ్ముతున్నారో చూడకుండా నొక్కొద్దు. ఊళ్లో షాపులో రెండు మూడు వందలు ఎక్కువిచ్చినా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుంటే, రేపు డ్రైవు పోయినప్పుడు నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. అది నాకు విలువైన సంగతే. "కంపెనీదే నా, కవరు మాత్రం లేదు" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. అది ఏదో ల్యాప్‌టాప్ నుంచి పీకినది అయ్యుండొచ్చు. బిగించిన రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని గంటలు నడిచింది, ఎంత డేటా రాశారు అన్నవి చూస్తే కొత్తదో పాతదో తేలిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ఎంపిక: ఉన్న విండోస్‌ను క్లోన్ చేయాలా (అంటే ఉన్నదున్నట్టు కొత్త డ్రైవులోకి దించాలా), కొత్తగా వేయాలా? డ్రైవు కంపెనీ మీద గంటలు వాదించేవాళ్లు దీన్ని మాత్రం రిపేరు కుర్రాడి ఇష్టానికి వదిలేస్తారు.

విద్యార్థి ల్యాప్‌టాప్ అయితే కొత్తగా వేయడమే మేలు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త పోతుంది. విండోస్ లైసెన్సు మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్కు మార్చినా నెట్ తగిలించగానే మళ్లీ యాక్టివేట్ అవుతుంది. దుకాణం, ఆఫీసు మెషీన్ అయితే నేను క్లోన్ వైపే. ట్యాలీ, పాత ప్రింటరు డ్రైవరు, డిజిటల్ సంతకం టోకెను సాఫ్ట్‌వేరు, ఎప్పుడో ఎవరో వేసిచ్చిన తూకం ప్రోగ్రాము, వీటి సీడీలు ఎవరి దగ్గరా ఉండవు. కొత్తగానే వేయాల్సి వస్తే ట్యాలీ లైసెన్సు ముందే సరెండర్ చేసి, డేటా ఫోల్డరు పెన్‌డ్రైవులో వేరే తీసుకోండి.

ఒక్క సందర్భంలో క్లోన్ అసలు వద్దు: పాత డిస్కు టక్ టక్‌మని శబ్దం చేస్తున్నా, ఫైళ్లు తెరుచుకోక ఇబ్బంది పెడుతున్నా. అప్పుడు ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి లాగండి, మిగతాది తర్వాత.

క్లోన్‌కు ముందు బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకుని, దాన్ని ఆపండి. పాత విండోస్ ఎంబీఆర్ పద్ధతిలో (డిస్కును భాగాలు చేసే పాత పద్ధతి) ఉండి కొత్తది ఎన్‌వీఎంఈ అయితే జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చకపోతే చాలా మెషీన్లలో బూట్ కాదు. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు తీసేసి ఉంచండి, రెండూ ఉంటే విండోస్ తికమక పడుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ సంగతి తెలిసిందే కదా, మధ్యలో కరెంటు పోతే పని మొదటికొస్తుంది. ఇన్వర్టరు లైను ఉన్న ప్లగ్గులో పెట్టుకోండి.

కొత్తగా వేసేవాళ్లకు ఒక చిక్కు: ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో విండోస్ సెటప్ "డ్రైవే లేదు" అనొచ్చు. డ్రైవు పాడైనట్టు కాదు. తయారీదారు సైటులోని ఇంటెల్ స్టోరేజి డ్రైవరును పెన్‌డ్రైవులో పెట్టి అక్కడే లోడ్ చేస్తే కనబడుతుంది. 8వ తరానికి ముందున్న ఇంటెల్ అయితే వేరే సమస్య. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది, విండోస్ 11 ఆ ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. బ్రౌజరు, ఉత్తరాలు, సినిమాలకే అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఆ మెషీన్ ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. ట్యాలీ కావాలంటే మాత్రం అంత పాతదాని మీద డబ్బు పెట్టే ముందు ఆలోచించండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే ఎస్ఎస్‌డీతో పాటు ఇంకో 4 వేయించండి, ఒకటి చేసి రెండోది వదిలేస్తే సగం సుఖమే.

బిగించాక పెద్దగా చేసేదేమీ లేదు. డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు (డిస్కులో చెదిరిన ఫైళ్లను సర్దేవి) వద్దు, విండోస్ తనకు కావాల్సింది తనే చేసుకుంటుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో పరుపు మీద పెట్టి వాడితే ఎన్‌వీఎంఈ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, బల్ల మీద పెడితే చాలు. తెలిసి ఉండాల్సింది ఇంకొకటి: ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైలు హార్డ్ డిస్కులోలా తర్వాత తిరిగి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ట్రిమ్ అనే ఏర్పాటు ఆ చోటును ఖాళీ చేయించేస్తుంది.

అందుకే పాత హార్డ్ డిస్కు బాగుంటే షాపులో వదిలిరావద్దు. యూఎస్‌బీ 3.0 కేసు కొని అందులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోండి. కేసు సాటాదే అడగండి, ఎన్‌వీఎంఈ కేసులో అది పట్టదు. పాడైపోయిందని ఇచ్చేయాలనుకున్నా, అందులో మీ ఆధార్, పాన్ స్కాన్లు, మూడేళ్ల జీఎస్టీ లెక్కలు ఉన్న సంగతి గుర్తుపెట్టుకుని, సుత్తితో రెండు దెబ్బలు వేశాకే ఇవ్వండి.