కోరింగ మడ అడవికి వెళ్తున్నారా? ముందు పాటు వేళ చూసుకోండి

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో సుమారు 18 కిలోమీటర్ల దూరాన, తాళ్లరేవు మండలంలో ఉంది కోరింగ అభయారణ్యం. ఉదయం బయలుదేరి చీకటి పడేలోగా ఇంటికి చేరగలిగే ప్రశాంతమైన చోటు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు ఇదే. కానీ అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లలో కొందరు "రెండు పక్కలా చెట్లు, మధ్యలో చెక్క వంతెన, అంతే కదా" అని పెదవి విరుస్తుంటారు. వాళ్లు ఏ వేళకు వెళ్లారో కనుక్కుంటే కారణం తెలిసిపోతుంది. సముద్రం పోటు మీద, అంటే నీరు ఎక్కి ఉన్నప్పుడు వెళ్లి ఉంటారు. చూడవలసినదంతా అప్పుడు నీళ్ల కింద ఉంటుంది. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు అది బయటపడుతుంది.

నేను రాజమహేంద్రవరంలో ఉన్నత పాఠశాల పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. శ్వాస వేళ్ల గురించి నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా, ఆ చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూపించినప్పుడు అర్థమైనంతగా ఎవరికీ అర్థం కాదు. నీరు తీసిన బురద మీద పెన్సిళ్లు గుచ్చినట్టు వేల వేళ్లు పైకి నిలబడి ఉంటాయి. అవి నల్లమడ, తెల్లమడ చెట్లవి. అక్కడి బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లే పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్నది మరో పద్ధతి. మొదలు నుంచి వంపు తిరిగిన వేళ్లను నలువైపులా దింపి, కాళ్లు చాపినట్టు నిలబడుతుంది. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడవుగా వేలాడి, ఆ తరువాతే బురదలోకి జారుతుంది.

కాబట్టి ప్రయాణం ఎప్పుడో తేల్చుకునే ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. కాకినాడ రేవుకు సంబంధించిన వేళలు ఫోనులోనే దొరుకుతాయి. పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య సుమారు ఆరు గంటలు. మర్నాటికి ఈ వేళలు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది, అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. ఇంట్లో క్యాలెండరు ఉంటే ఈపాటి లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. పాటు ఉదయం పడితే ముందు వంతెన మీద నడక, నీరు ఎక్కాక కాలువలో పడవ షికారు. మధ్యాహ్నం పడితే ముందు పడవ, తరువాత నడక. కాలువలో నీరు తగ్గితే పడవలు కదలవు. ఈ ఒక్క సంగతి తెలియక పిల్లలను వెంటబెట్టుకుని గంటల తరబడి ఎదురు చూసే కుటుంబాలు కనిపిస్తుంటాయి.

నడకకు తొందర పడకండి. వంతెన మీద అడుగుల చప్పుడు వినబడితే చాలు, కింద ఉన్నవన్నీ కన్నాల్లోకి దూరిపోతాయి. ఒకచోట కదలకుండా నిలబడితే ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ముందు చిన్న పీతలు. వాటిలో మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించినంత పెద్దది. ఆడ పీతల దృష్టిలో పడాలని దాన్ని ఎత్తి దించుతూ ఊపుతుంటాయి. ఆ తరువాత బురద మీద గెంతే చేపలు. కళ్లు నెత్తి మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. ముందు రెక్కల మీద ఒంటిని ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, ఆగి, ఒక్కసారిగా ఎగిరి దూకుతాయి. తడి ఆరనంత వరకూ చర్మం గుండా కూడా ఊపిరి తీసుకోగలవు. అందుకే మధ్యమధ్యలో నీటి మడుగులో పొర్లి వస్తాయి. చేప నీళ్లు వదిలి బతకడం చూసి మా చెల్లెలి కొడుకు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

వాడికి తెల్లమడ ఆకులు కూడా చూపించాను. ఎండ పొడ పడుతున్న చోట ఆకుల మీద సన్నని ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి. ఒంట్లో చేరిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుంది. వేలితో రాసి నాలుకకు అద్దుకుని "పెద్దమ్మా, నిజంగా ఉప్పే!" అన్నాడు. అయితే ఏ చెట్టో తెలియకుండా ఆకులు ముట్టుకోవద్దు, తుంచవద్దు. ఈ అడవిలోనే తిల్ల చెట్లు కూడా ఉన్నాయి. వాటి పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.

నీటికుక్కలు, బావురుపిల్లులు ఇక్కడ ఉన్నాయని చదివి వాటి మీద ఆశ పెట్టుకుని వెళ్లకండి. బావురుపిల్లి ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు. లకుముకి పిట్టలు, కొంగలు మాత్రం ఎప్పుడూ కనిపిస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులు కూడా తోడవుతాయి. ఎండ తీవ్రత తక్కువగా ఉండేది కూడా ఆ నెలల్లోనే.

పడవలో వెళ్తున్నప్పుడు కోరింగ చరిత్ర కాస్త గుర్తు చేసుకోండి. ఇది ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపానులు విరుచుకుపడి, సముద్రం ఊరి మీదికొచ్చి, ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. ఓడలతో కిటకిటలాడిన కాలువల్లో ఇప్పుడు చేపల పడవలు తిరుగుతున్నాయి. కాకినాడకు అడ్డుగోడలా సముద్రంలోకి సాగిన హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన మట్టి, ఇసుకలతో ఏర్పడిందే. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మనం నడిచే వంతెన దాని అంచున ఒక చిన్న ముక్క మాత్రమే.

ఇక సౌకర్యాల సంగతి. కాకినాడ–యానాం దారిలో బస్సులు తిరుగుతుంటాయి, కండక్టరుకు ముందే చెబితే దగ్గరలో దింపుతారు. వంతెన దారి చదునుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య కూడా ఆగి ఆగి హాయిగా నడిచారు. దోమలు ఉంటాయి, పొడవు చేతుల చొక్కా వేసుకోండి. గాలిలో తేమ ఎక్కువ, మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఆ సీసాను మళ్లీ ఇంటికే పట్టుకెళ్లండి, ఎందుకంటే పాటుకు తీసిన నీరు మనం పారేసిన ప్రతి కాగితాన్నీ ఆ వేళ్ల మధ్య ఇరికించి పోతుంది. ఫోనులో పాటలు పెట్టి నడిచే వాళ్లను మాత్రం నేను సహించలేను. పీతలన్నీ కన్నాల్లోకి పోవడమే కాకుండా పక్కవాళ్ల రోజు కూడా పాడవుతుంది. భోజనం కాకినాడలో గానీ యానాంలో గానీ చేయండి. సాయంత్రం ఇంకా సమయం మిగిలితే యానాం గోదావరి గట్టు దగ్గరే.

ఆదివారాలూ, సంక్రాంతి సెలవులూ మాత్రం వద్దు. వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టుకోగలిగితే పెట్టుకోండి, ఆ రోజు పాటు ఏ వేళకో చూసి మరీ పెట్టుకోండి.