నాలుగేళ్ల నిరామయ: ఒక రూళ్ల పుస్తకం కథ

మా బాబుకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల ఒంటి కదలికలు పట్టు తప్పే వైకల్యం. వాడి పేర నిరామయ, అంటే వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు నడిపే ఆరోగ్య బీమా, తీసుకుని నాలుగేళ్లు నిండాయి. ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇస్తుందని, ముందస్తు వైద్య పరీక్షలు ఉండవని మా లాంటి తల్లిదండ్రులకు తెలిసిందే. నాకు దీని మీద ప్రేమ పుట్టింది ఒకే కారణానికి: పిల్లవాడిని ఆసుపత్రిలో చేర్చకపోయినా ఫిజియోథెరపీకి డబ్బు ఇస్తుంది. మా ఆయన ఉద్యోగంలో ఇచ్చిన బీమాకు మంచం ఎక్కితేనే జబ్బు. మా వాడికి కావలసిందేమో వారానికి మూడు రోజులు కాళ్లు సాగదీసే చేతులు.

పరకాల నుంచి హనుమకొండకు బస్సులో తీసుకువెళ్లేదాన్ని. మొదటి ఏడాది ఐదు నెలల రసీదులు పంపితే అన్నీ తిరిగివచ్చాయి. తప్పు బీమాది కాదు. మేము వెళ్లే కేంద్రం వాళ్లు చీటీ మీద మొత్తం ఒక్కటే రాసిచ్చారు. తేదీల్లేవు, రసీదు సంఖ్య లేదు, చికిత్స చేసినవారి సంతకం లేదు. సరిగా రాసివ్వమంటే, "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు అక్కా, మీకెందుకు?" అంది బల్ల దగ్గరి అమ్మాయి. మూడుసార్లు తిరిగాను. మూడోసారి బాబును చంకనేసుకుని రెండంతస్తులు ఎక్కాను. వాడి కాళ్లకు ఆసరాగా కట్టే స్ప్లింట్ల పట్టీలు నా చీరకు అంటుకుని దారాలు లాగేస్తున్నాయి. తీరా వెళ్తే గదికి తాళం. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఆ ఐదు నెలల డబ్బు ఇక రాలేదు.

తరువాత వేరే చోటికి మారాం. అక్కడి ఫిజియోథెరపిస్టు నా గోడు విని, రూళ్ల పుస్తకం ఒకటి కొని తెమ్మన్నారు. వెళ్లిన ప్రతిసారీ తేదీ, చేయించిన వ్యాయామం, పట్టిన సమయం, సంతకం. నాకు కావలసింది క్లెయిముకు సాక్ష్యం, అంతే. ఆరు నెలలకు జిరాక్సు తీయించడానికి పేజీలు తిప్పుతుంటే నా చేయి ఆగిపోయింది. జూన్‌లో "ఆసరాతో నిలబడటం: 20 సెకన్లు". డిసెంబరులో అదే వరుసలో "2 నిమిషాలు". రోజూ ఎత్తుకుని తిరిగే నాకే ఆ తేడా తెలియలేదు. ఎముకల డాక్టరు కూడా ఆ పేజీలు చదివాకే స్ప్లింట్లు మార్చారు. బీమా డబ్బు కన్నా ఆ పుస్తకమే నాకు ఎక్కువ ఇచ్చింది.

ప్రేమ అన్నాను గానీ, ముందు మనం కట్టి, ఆ తరువాత రాబట్టుకోవాలి. లక్షలో కూడా ఇలాంటి చికిత్సలకు విడిగా పరిమితి ఉంది. ఏప్రిల్‌లో మొదలుపెడితే మాకు దీపావళి నాటికే అయిపోతుంది. ఆ పైన, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కోసం ఎదురుచూడటమే. పక్కింటి పాపకు వినికిడి లోపం. నేను ఎంతో ఉత్సాహంగా ఈ బీమా సంగతి చెప్పి, వాళ్లమ్మ ముఖం వాడిపోవడం చూశాను. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో ఉన్న ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే ఇది వర్తిస్తుంది.

మా ఇంట్లో నెల జీతం ఉంది కాబట్టి బిల్లు తిరిగివచ్చేదాకా ఆగగలిగాం. కూలికి వెళ్లే మా పిన్ని మనవడికీ సెరిబ్రల్ పాల్సీయే. ఈ బీమాలో చేరమనే చెప్పాను, ఏటా రెన్యువల్ మరిచిపోవద్దన్నాను. అయితే ఏ కేంద్రంలోనైనా మొదటి రోజు డబ్బు కట్టేముందే రసీదు ఎలా ఇస్తారో చూపించమని అడగాలి. ఆమెకు అడగడానికి మొహమాటం. వచ్చే సోమవారం నేనూ వెంట వెళుతున్నాను.