డ్రేమండ్ గ్రీన్ ర్యాంకు తేల్చడానికి బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైట్ సరిపోతుందా?

ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో అన్నయ్యకీ నాకూ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. గత పదిహేనేళ్లలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడినవాళ్లందరినీ గొప్పతనం వరసలో నిలబెడితే, గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టులో పేరు తెచ్చుకున్న డ్రేమండ్ గ్రీన్ ఎన్నోవాడు? "మ్యాచ్‌కి సగటున తొమ్మిది పాయింట్లు కూడా లేనివాణ్ణి మొదటి యాభైలో ఎలా పెడతావే?" అంటాడు అన్నయ్య. నేను మొదటి పాతికలో పెడతాను. వాదన మొదలవగానే ఇద్దరం తెరిచేది మాత్రం బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైటే.

ఉచితంగా ఇంత సమాచారం ఇచ్చే సైట్ నాకింకోటి తెలీదు. ఆటగాడి పేరు కొడితే సీజన్ల వారీగా సగటులు, ప్లేఆఫ్స్ లెక్కలు, అవార్డుల ఓట్లు అన్నీ ఒకే పేజీలో వస్తాయి. ప్రకటనలు ఉంటాయి, పేజీ చాలా పొడుగు. ఫోన్‌లో కన్నా లాప్‌టాప్‌లో చూడటమే సుఖం.

చిక్కేమిటంటే, పైన కనిపించే సగటుల పట్టిక చూసి ఆగిపోయినవాళ్లు అన్నయ్య పక్షానే చేరతారు. అందుకే కిందికి దిగాలి. ప్లే-బై-ప్లే పట్టికలో ఆన్-ఆఫ్ అనే అంకె ఉంటుంది. అతను కోర్టులో ఉన్నప్పుడు జట్టు ఎలా ఆడింది, బెంచి మీద కూర్చున్నప్పుడు ఎలా ఆడింది అన్న తేడా అది. డ్రేమండ్ విలువ మొదట కనబడేది అక్కడే. అయితే అతను ఎక్కువగా ఆడింది అదే జట్టు స్టార్ స్టెఫ్ కర్రీ పక్కన కాబట్టి, ఆ మార్కులన్నీ ఒక్కడికే వేసెయ్యకూడదు. జట్టు పేజీలో ఇద్దరిద్దరి జోడీల లెక్కలు కూడా ఉన్నాయి, అవీ చూడాలి.

అసలు లోటు డిఫెన్స్, అంటే ఎదుటి జట్టును స్కోరు చెయ్యనీకుండా ఆపే పని దగ్గర. డిఫెన్సివ్ బాక్స్ ప్లస్-మైనస్ అనేది స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ను అడ్డుకోవడం), రీబౌండ్ల (గురి తప్పిన బంతిని అందుకోవడం) లాంటి అంకెల నుంచి కట్టిన అంచనా. ఎదుటి జట్టు ఏ ప్లే ఆడబోతోందో ముందే పసిగట్టి, అరిచి తోటివాళ్లను సర్దడం అందులోకి రాదు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి ఏడడుగుల సెంటర్లను ఆపుతూ, మరుక్షణంలో గార్డుల వెంట పరిగెత్తడం కూడా రాదు. 2017లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది ఆ పనికే కదా!

అయినా కొన్ని బాక్స్ స్కోర్లు, అంటే ఒక్కో మ్యాచ్ అంకెల పట్టికలు, నా వాదనకి ప్రాణం పోస్తాయి. 2017 ఫిబ్రవరి 10న మెంఫిస్ మీద 4 పాయింట్లే, కానీ 10 అసిస్టులు (తోటివాడి స్కోరుకి దారితీసిన పాస్‌లు), 10 స్టీల్స్, పదికి పైగా రీబౌండ్లు. పాయింట్లు పదికి చేరకుండా ట్రిపుల్ డబుల్ (మూడు విభాగాల్లో రెండంకెల లెక్క) రావడం ఎన్‌బీఏ చరిత్రలో అదే మొదటిసారి. 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్ పేజీ తెరిస్తే 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులు. జట్టు ఓడిపోయింది, నాకు ఇప్పటికీ బాధే.

ఎక్కువ స్కోరు చేసేవాళ్లను పోల్చాలంటే ఈ సైట్ ఒక్కటీ చాలు. డ్రేమండ్ లాంటివాడికైతే సగం పనే చేస్తుంది, మిగతా సగానికి మ్యాచ్ పూర్తిగా చూడాల్సిందే. వెతుకులాట కోసం స్టాట్‌హెడ్ అని డబ్బు కట్టే విభాగం ఉంది, ఈ వాదనకి అది అక్కర్లేదు. 2015-16 అవార్డుల పేజీ చాలు: ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) ఓట్లలో డ్రేమండ్‌ది ఏడో స్థానం. ఆ ఒక్క సీజన్ వరకైతే నేనూ అతన్ని మొదటి పదిమందిలోనే పెడతాను, అన్నయ్య ఏమన్నా సరే.