చర్చి బడిలో పాఠాలూ విలువలూ: సింగరాయకొండ ప్రాంతపు ప్రాథమిక పాఠశాలపై ఒక తల్లి సమీక్ష

సింగరాయకొండ పరిసరాల్లో ఒక క్రైస్తవ సంఘం వారు నడుపుతున్న ప్రాథమిక పాఠశాలలో మా పిల్లలిద్దరూ చదువుతున్నారు. పెద్దవాడు నాలుగో తరగతి, చిన్నది ఒకటో తరగతి. మేము ఆ సంఘానికి చెందినవాళ్లం కాము, క్రైస్తవులమూ కాము. పిల్లలను ఎక్కడ చేర్పించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఈ బడి గురించి రెండే ప్రశ్నలు వినిపిస్తుంటాయి: చదువు గట్టిగా ఉంటుందా, మతం రుద్దుతారా? లోపలికి వెళ్లి గమనిస్తే ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలని అర్థమవుతుంది. ఈ బడి విలువలను పాఠంలోనూ రోజువారీ పనిలోనూ కలిపి నేర్పినప్పుడు చాలా బాగా నేర్పుతున్నది. అవే విలువలను విడిగా ఒక సబ్జెక్టుగా మార్చి మార్కులు వేసినప్పుడు మాత్రం తడబడుతున్నది. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి, ఉపాధ్యాయులు కొద్దిమందే ఉన్న చోట ఎవరి గురించి రాశానో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి, బడి పేరు ఇవ్వడం లేదు.

ముందు చదువు సంగతి. ఇక్కడ బోధించేది రాష్ట్ర సిలబస్, వాడేది ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉండే ద్విభాషా పుస్తకాలు మన రాష్ట్రంలో 2020-21 విద్యాసంవత్సరం నుంచి వచ్చాయి. చాలా ప్రైవేటు బడులు వాటిని పక్కనపెట్టి సొంతంగా ఎంచుకున్న ఖరీదైన పుస్తకాల కట్టలు అమ్ముతుండగా, వీరు మాత్రం ఆ పుస్తకాలనే నమ్ముకున్నారు. గేటు మీద ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ వంటి మాటలేవీ కనిపించవు. మూడో తరగతి పిల్లవాడికి ఐఐటీతో ఏం పనో నాకు ఇప్పటికీ తెలియదు గనుక, నన్ను మొదట ఆకట్టుకున్నది ఆ మాటలు లేకపోవడమే.

తెలుగు చదవడం నేర్పే తీరు ఈ బడికి ప్రాణం. ఒకటో తరగతి టీచరమ్మ వర్ణమాలను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అప్పజెప్పించదు. సముద్రతీర గ్రామం పాకల వైపునుంచి వచ్చే మత్స్యకార కుటుంబాల పిల్లలు కూడా ఉన్న తరగతి కావడంతో వల, అల, పడవ వంటి మాటలతో మొదలుపెట్టి, వాటిలోని అక్షరాలను విడదీసి, మళ్లీ కలిపి కొత్త మాటలు కట్టిస్తుంది. దీర్ఘాలూ గుణింతాలూ నిలదొక్కుకున్న తర్వాతే ఒత్తుల జోలికి వెళ్తుంది. 'అమ్మ'తో ఎందుకు మొదలుపెట్టరని అడిగితే, ఆ మాటలో ఒత్తు ఉంది కదండీ, పిల్లలు దాన్ని బొమ్మలా గుర్తుపడతారే గాని చదవరు అని సమాధానమిచ్చింది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలనీ, చిన్న లెక్కలు చేయగలగాలనీ కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ పేరుతో లక్ష్యం పెట్టుకున్నది. ఆ మాట గోడమీద రాయకపోయినా, ఆ పని ఇక్కడ జరుగుతున్నది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్ద తరగతుల పిల్లలు చిన్న తరగతుల పిల్లల పక్కన కూర్చుని కథలు చదివి వినిపిస్తారు. చదువులో వెనకబడిన నాలుగో తరగతి పిల్లవాడికి కూడా ఒకటో తరగతి పుస్తకం ఇచ్చి ఆ పనే అప్పగిస్తారు. తన తరగతిలో నోరు విప్పని పిల్లవాడు చిన్నవాళ్ల ముందు గురువై కూర్చుంటాడు. అలా చదువుతూ తన లోటునూ తానే పూడ్చుకుంటాడు. సహనం గురించి ఎన్ని నీతికథలు చెబితే ఇంత ఫలితం వస్తుంది?

గణితంలో చింతపిక్కలూ పుల్లల కట్టలూ వాడతారు, ఎక్కాలు మాత్రం పాత పద్ధతిలోనే వల్లె వేయిస్తారు. రెండూ నాకు సమ్మతమే. ఇంగ్లీషు బలహీనంగా ఉంది. పేరుకు ఇంగ్లీషు మీడియం అయినా, బోర్డు మీద రాసిన జవాబులను నోటుబుక్కులోకి ఎక్కించుకుని, అవే పరీక్షలో దించే అలవాటు పోలేదు. సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే మావాడు ఇప్పటికీ నా ముఖం చూస్తాడు.

పరిసరాల విజ్ఞానంలో నాలుగో తరగతి ఉపాధ్యాయుడు చేస్తున్న పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన పిల్లలను బకింగ్‌హామ్ కాలువ దగ్గరకు తీసుకువెళ్లి పాఠం చెప్పారు. 1876-78 నాటి కరువులో ఈ జిల్లా జనం ఆకలితో అల్లాడినప్పుడు, ఒంగోలు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ప్రభుత్వం నుంచి ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి కూలి దొరికేటట్టు చేశాడు. ఈ బడి పుట్టుకకు మూలం ఆ మిషనరీ సంప్రదాయమే కాబట్టి దీన్ని భక్తికథగా చెప్పి ముగించడం తేలిక. ఆయన అలా చేయలేదు. తట్టెడు మట్టి ఎంత బరువుంటుంది, రోజుకు ఎన్ని తట్టలు మోయగలరు, కూలీకి రావలసిన డబ్బులో మధ్యవాడు కొంత మింగితే ఇంట్లో ఏమవుతుంది అని అడిగి లెక్కలు వేయించారు. ఉపాధి హామీ పనికి వెళ్లే అమ్మలున్న పిల్లలు, పొగాకు గ్రేడింగుకు వెళ్లే అమ్మలున్న పిల్లలు ఆ రోజు తమ ఇంటి లెక్కలన్నీ విప్పి చెప్పారట. కూలి ఎగ్గొట్టడం దొంగతనమేనని మావాడు ఇంటికి వచ్చి వాళ్ల నాన్నతో వాదించాడు. ఇంట్లో సున్నం వేసినవాళ్లకు ఇవ్వవలసిన బాకీ మరునాడే తీరింది.

అదే చరిత్రను సంఘ వార్షికోత్సవంలో ఇంకో తీరుగా చెప్పారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ మిషన్ వారు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతిని వేదిక మీదినుంచి చెప్పి, పిల్లలచేత ఆ సంఖ్యను పలికించారు. సంఘస్థులకు అది ఎంత ముఖ్యమైన రోజో నేను అర్థం చేసుకోగలను. ఎనిమిదేళ్ల పిల్లలకు మాత్రం ఆ సంఖ్యకంటే కాలువలో మోసిన మట్టి తట్టే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

రోజువారీ క్రమశిక్షణలోనూ ఇలాంటి మంచి ఆనవాయితీలున్నాయి. తరగతి ఊడ్చడం, మొక్కలకు నీళ్లు పోయడం, అన్నం తిన్న చోటు తుడవడం వంతులవారీగా అందరి పనీ. ఆడపిల్లలు, మగపిల్లలు అనే తేడా లేదు, ఏ వాడనుంచి వచ్చారన్న తేడా అసలే లేదు. మధ్యాహ్నం అందరూ ఒకే వరుసలో కూర్చుని తింటారు. తన కొడుకుచేత చీపురు పట్టించారని ఒక తండ్రి వచ్చి గట్టిగా మాట్లాడినప్పుడు, హెడ్‌మిస్ట్రెస్ స్వరం పెంచకుండా, "మీ అబ్బాయి ఊడ్చిన గదిలోనే మీ అబ్బాయి కూర్చుంటాడండీ" అని మాత్రం అన్నారు. దళితవాడల పిల్లలకు తలుపులు తెరిచిన మిషన్ బడుల చరిత్ర ఈ జిల్లాలో ఉంది. ఆ చరిత్రకు తగిన జవాబు అది.

ఇక విలువల విద్య పేరిట వారానికి రెండు పీరియడ్లున్నాయి. అందులో బైబిల్ కథలు, వేమన పద్యాలు, ప్రతిజ్ఞ మీద చర్చ కలిసి ఉంటాయి. ఒక తరగతి నేను స్వయంగా విన్నాను. దారిలో దెబ్బలు తిని పడివున్న పరాయివాణ్ణి ఆదుకున్న సమరయుని కథ చెప్పి, భారతీయులందరూ నా సహోదరులు అన్న ప్రతిజ్ఞలోని మాటను దాని పక్కన పెట్టి, ఆ ప్రతిజ్ఞను 1962లో రాసినవారు మన తెలుగువారైన పైడిమర్రి వెంకట సుబ్బారావు అని చెప్పి, హైవే మీద బైకు పడిపోయిన మనిషి కనిపిస్తే మీరేం చేస్తారని అడిగారు. 108కి ఫోన్ చేయాలని పిల్లలు అంటే, పోలీసులు మనల్నే పట్టుకుంటారని ఒకడు అడ్డుతగిలాడు. అలా సాయపడినవారికి రక్షణ కల్పించే నిబంధనను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. ఆ సంగతి ఆ టీచరుకు తెలిసి ఉండటం, తరగతిలో చెప్పడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

పరీక్షల కాలం వచ్చేసరికి ఇదంతా ఆవిరైపోతుంది. ఈ సబ్జెక్టుకూ ప్రశ్నపత్రం ఉంది, ఆ మార్కులు ర్యాంకులోనూ కలుస్తాయి. బైబిల్ వాక్యాలు కంఠతా పట్టి తప్పులేకుండా రాసినవారికి కప్పులిస్తారు. తనను తాను తగ్గించుకునేవాడు హెచ్చింపబడతాడన్న వాక్యాన్ని గుక్కతిప్పుకోకుండా చెప్పి మొదటి బహుమతి గెలిచిన పాప, రెండో బహుమతి వచ్చిన స్నేహితురాలిని సాయంత్రం దాకా ఏడిపించింది. తప్పు పాపది కాదు. దయకూ నిజాయితీకీ మార్కులు వేయడం మానేసి, ఆ సమయాన్ని ఆ హైవే చర్చలాంటి వాటికి కేటాయిస్తే మంచిదని తల్లిదండ్రుల సమావేశంలో అడిగాను. కమిటీ ముందు పెడతామన్నారు, ఇంకా మారలేదు.

మత బోధన గురించి అడిగేవారికి సూటిగా చెబుతున్నాను. ఉదయపు అసెంబ్లీలో ప్రార్థన, ఒక కీర్తన ఉంటాయి. మా పిల్లలను మతం మారమన్నవారెవరూ లేరు. బొట్టు పెట్టుకోవద్దనీ, అయ్యప్ప మాల వేసుకున్న తండ్రులు లోపలికి రావద్దనీ ఎవరూ అనలేదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఏ విద్యాసంస్థలోనైనా సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను మత బోధనకు గానీ ఆరాధనకు గానీ హాజరుపరచకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. ఈ బడి ఆ సమ్మతిని దరఖాస్తులో తీసుకుంటుంది, కాకపోతే ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. సంతకం పెట్టిన వారిలో ఎందరు చదివి పెట్టారో అనుమానమే. సమ్మతి ఇవ్వని పిల్లలను ఆ సమయంలో లైబ్రరీలో ఒంటరిగా కూర్చోబెడుతున్నారు. ఏడేళ్ల బిడ్డకు అది శిక్షలాగే తోస్తుంది. తెలుగులో స్పష్టంగా రాసిన కాగితం, ఆ పిల్లలకు తోడుగా ఒక టీచరు ఉంటే ఈ ఫిర్యాదుకు చోటుండదు.

డిసెంబరులో క్రిస్మస్ కార్యక్రమాల రిహార్సళ్లు పాఠాలను మింగేస్తాయి. మిషనరీ బడులన్నిటిలాగే ఇక్కడా క్రిస్మస్ సెలవులు ఎక్కువ, సంక్రాంతి సెలవులు తక్కువ. పండక్కి అమ్మమ్మగారింటికి వెళ్లే అలవాటున్నవాళ్లు ప్రయాణాలు కుదించుకోవలసి వస్తుంది. ఫీజు చుట్టుపక్కల ప్రైవేటు బడులకంటే తక్కువే. విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పునిచ్చింది గనుక, ఆ చట్టం కింద 25 శాతం కోటాలో ఉచిత సీటు ఆశించేవారు ముందే కార్యాలయంలో కనుక్కోవడం మంచిది.

చేర్పించదలచుకుంటే ఒకటో తరగతిలోనే చేర్పించండి. చదవడం నేర్పడంలో ఈ బడికున్న బలమంతా మొదటి రెండేళ్లలోనే ఉంది. మూడులోనో నాలుగులోనో చేరిన పిల్లలకు ఆ పునాది దొరకకపోగా, ఇంగ్లీషు నోట్సు ఎక్కించుకునే భారం ఒక్కసారిగా మీద పడుతుంది. దరఖాస్తు ఇచ్చే రోజున సమ్మతి పత్రంలో ఏముందో తెలుగులో చదివి వినిపించమని అడగండి, వీలైతే ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి వరండాలో కాసేపు కూర్చోండి. హెడ్‌మిస్ట్రెస్ అభ్యంతరం చెప్పరు.