గ్రామర్ యాప్‌తో రెండేళ్లు: పాసివ్ దగ్గరే నా పేచీ

తిరుపతిలో మా ట్రావెల్స్ ఆఫీసు నుంచి వెళ్లే ఇంగ్లీష్ మెయిల్స్ అన్నీ రెండేళ్లుగా ఈ యాప్‌లో వేసి చూసుకున్నాకే పంపుతున్నాను. స్పెల్లింగులు, కామాలు బాగానే దిద్దుతుంది, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నా కోపమంతా ఒక్కదాని మీద. పాసివ్ వాయిస్, అంటే చేసేవాళ్లను కాక పనిని ముందు పెట్టే వాక్యం కనబడితే చాలు, కింద గీత గీసి యాక్టివ్‌లోకి మార్చమంటుంది.

2025 సెప్టెంబర్ 7న చంద్రగ్రహణం వచ్చింది. గ్రహణమప్పుడు తిరుమల గుడి తలుపులు మూస్తారని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పుణె నుంచి మొదటిసారి వచ్చేవాళ్లకు తెలియకపోవచ్చు కదా. అందుకే అలాంటి ఒక కుటుంబానికి ముందుగానే మెయిల్ రాశాను: 'దర్శన్ విల్ బి టెంపరరీలీ సస్పెండెడ్.' యాప్ ఎప్పటిలాగే గీత గీసింది. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆ తొందరలో అది చూపించిన వాక్యం మీద నొక్కి పంపేశాను. 'వీ విల్ టెంపరరీలీ సస్పెండ్ దర్శన్' అని వెళ్లింది.

సాయంత్రం వాళ్లింటి పెద్దాయన ఫోన్ చేశారు. దర్శనం ఆపడానికి మీరెవరని హిందీలో గట్టిగా అడిగారు. ఆలయం మూసేది టీటీడీ అనీ, మేం బండి మాత్రమే పంపుతామనీ అరగంట సేపు చెప్పాను. మా ఓనరన్న కూడా మాట్లాడితే గానీ ఆయన శాంతించలేదు. ఆయన కోపంలో తప్పేమీ లేదు. నేను పంపిన వాక్యం ప్రకారం దర్శనం ఆపుతున్నది మేమే.

తెలుగులో 'తలుపులు మూస్తారు' అంటాం. ఎవరు మూస్తారని ఎవరూ అడగరు. 'మూయబడును' అనేది బోర్డుల మీదే గానీ నోట్లోకి రాదు. మన 'మూస్తారు'కి ఇంగ్లీష్‌లో సరిగ్గా సరిపోయేది పాసివే. చేసేవాళ్లెవరో చెప్పనక్కర్లేనప్పుడు వాడేదే అది. దాన్ని తప్పులా చూపించి, లేని 'వీ'ని తెచ్చి పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అలాగని తీసి పారేయలేను. యాడ్‌వెర్బుల (పని ఎలా, ఎప్పుడు జరిగిందో చెప్పే మాటల) విషయంలో దీని మేలు మర్చిపోను. 'లిస్టు జాగ్రత్తగా చూశాను' అనుకుని 'ఐ చెక్డ్ కేర్‌ఫుల్లీ ద లిస్ట్' అని రాసేదాన్ని. క్రియకీ కర్మకీ మధ్య ఆ మాట దూరకూడదని ప్రతిసారీ ఆపి నేర్పింది. పాసివ్‌లో మాత్రం 'జాగ్రత్తగా' లాంటి '-గా' మాటల్ని క్రియకు ముందు పెట్టే మన అలవాటే పనికొస్తుందని తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో! 'ద లిస్ట్ వాజ్ కేర్‌ఫుల్లీ చెక్డ్', 'ద బస్ ఈజ్ ఫుల్లీ బుక్డ్': అసలు క్రియకు ముందే, అచ్చం తెలుగులోలాగే. అప్పట్లో ఈ ఒక్క కారణంతోనే నలుగురి ఫోన్లలో ఈ యాప్ వేయించాను.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. 'పాసెంజర్స్ వర్ టోల్డ్ టు బ్రింగ్ ఒరిజినల్ ఆధార్ క్లియర్లీ' అని ఒకసారి రాస్తే కిక్కురుమనలేదు. స్పష్టంగా చెప్పామన్నది కాస్తా స్పష్టంగా తెమ్మన్నట్టు అయింది. 'క్లియర్లీ' అనే మాట 'టోల్డ్' ముందు ఉండాలి. అది నేనే తర్వాత చూసుకుని దిద్దాను. 'హ్యాజ్ బీన్' లాంటివి వచ్చినప్పుడు 'ఆల్వేస్' ఆ రెండిటి మధ్యే కూర్చుంటుందని కూడా నేను వేరేచోట చదివి నేర్చుకున్నదే. యాప్ మార్చి పెడుతుంది గానీ ఎందుకో చెప్పదు.

సెట్టింగ్స్‌లో పాసివ్ సూచన ఆపేసుకున్నాను. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు మాత్రం ఆపలేదు. వాడు రాసే ప్రతి వాక్యం 'వాజ్ డన్ బై మీ' అని ముగుస్తుంది కాబట్టి వాడికి ఆ గీత అవసరమే. నాది టైమింగులు, రద్దులు తెలియజేసే ఉద్యోగం, రోజుకు పది మెయిల్స్. నాకు ఉచిత వెర్షన్ చాలు. గ్రహణం మెయిల్‌ని మొదట రాసిన వాక్యంతోనే డ్రాఫ్ట్స్‌లో దాచుకున్నాను, మళ్లీ గ్రహణం వస్తే తేదీ ఒక్కటి మార్చి పంపుతాను.