ప్యాక్లిటాక్సెల్‌కి ఐస్ గ్లవ్స్: చేతులకు బాగా పనిచేశాయి, కాళ్లకు అంతంతమాత్రమే

రొమ్ము క్యాన్సర్‌కి నాకు వారానికొకటి చొప్పున ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు 12 డోసులు రాశారు. జుట్టు సంగతి సరే, నా టెన్షనంతా నరాల గురించే. ఈ మందుతో వేళ్లు మొద్దుబారి, తిమ్మిర్లు, మంటలు మొదలైతే కొందరికి కీమో ఆగాక ఏళ్లు గడిచినా పోవు. అందుకని డాక్టర్‌ని అడిగి మొదటి డోసు నుంచే ఫ్రీజర్‌లో పెట్టే జెల్ గ్లవ్స్, సాక్సు వాడాను. కోర్సయి ఏడాది దాటాక రాస్తున్నాను.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, మందు వేళ్ల కొసలకి తక్కువగా చేరుతుంది. డ్రిప్ గంట సేపు, దానికి ముందూ వెనకా పావుగంట వేసుకోవాలి. మధ్యలోనే చల్లదనం తగ్గిపోతుంది, రెండో జత ఉండాల్సిందే. కీమో ఎక్కించే డే కేర్ వార్డులో ఫ్రీజర్ ఇవ్వలేదు, థర్మాకోల్ డబ్బాలో ఇంటి నుంచే మోసుకెళ్లాం. లోపల పల్చటి కాటన్ గ్లవ్స్ లేకపోతే చర్మం దెబ్బతింటుంది. మొదటి పది నిమిషాలు ఎముకలు జివ్వుమంటాయి, కళ్లనీళ్లొస్తాయి. ఆ తర్వాత అలవాటైపోతుంది. నాకు పోర్ట్ (మందు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చేది) ఉంది కాబట్టి సరిపోయింది. చేతికి క్యాన్యులా (డ్రిప్ సూది గొట్టం) పెట్టించుకునేవాళ్లకి ఆ చేతికి తొడగడం ఇబ్బందే.

ఇప్పుడు చెవిదుద్దుల శీల నేనే తిప్పుకుంటాను, జాకెట్టు హుక్కులు చూడకుండా పెట్టుకుంటాను. గోళ్లు కూడా నల్లబడలేదు. సాక్సు మాత్రం డబ్బు దండగ. వెల్‌క్రో ఎంత బిగించినా బొటనవేలి దగ్గర జెల్ ఆనేది కాదు. ఆ రెండు వేళ్లలో రాత్రిపూట ఇప్పటికీ చిమచిమ.

ఖర్చెక్కువ అనుకుంటే, ఒక సైజు చిన్న సర్జికల్ గ్లవ్స్ ఒకదానిమీద ఒకటి బిగుతుగా వేసుకునే పద్ధతి ఉంది. జర్మనీలో జరిగిన పోలార్ ట్రయల్‌లో చల్లదనం, బిగుతు రెండూ నరాల దెబ్బని తగ్గించాయి. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే నేను దీన్నే ముందు అడుగుతాను, ఆ చలి బాధైనా ఉండదు.

తెలిసినవాళ్లు చెప్పారని నరాల మాత్రలు మింగకండి. అసిటైల్ ఎల్ కార్నిటిన్‌తో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో ట్రయల్ చేస్తే తిమ్మిర్లు ఇంకా ఎక్కువయ్యాయి. డులోక్సెటిన్ నొప్పి వచ్చాక ఇచ్చేది, రాకుండా ఆపదు. పక్క బెడ్ వాళ్లకి ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు ఎక్కుతుంటే మాత్రం ఈ ఐస్ గ్లవ్స్ అరువివ్వకండి. ఆ మందుకి చలి అస్సలు పడదు.